కూత ఆగితే

మెడలో తాళి పడి, ఆ ఇంట్లో మొదటి ముద్ద మింగాక మా అత్త రోశమ్మ నాతో చెప్పిన మాట ఇది. “మధ్య గదిలో యమున ఉంటది. అప్పుడప్పుడు కూత వినపడుద్ది. నువ్వేం భయపడమాక.”

యమున మా ఆయన మొదటి భార్య. అప్పటికి ఆమె పోయి ఏడాది దాటింది. ఇంట్లో పిల్లి తిరుగుతోంది, పాలగిన్నె మీద మూత పెట్టుకో అన్నంత మామూలుగా చెప్పింది మా అత్త. నాకు ఒళ్లు మండింది. పెళ్లిమాటల్లో అన్నీ చెప్పారు. అంకారావు నాపరాళ్ల లారీ తోలతాడని చెప్పారు, బొల్లాపల్లి అవతల మెట్టలో రెండెకరాల మిర్చి ఉందని చెప్పారు, నాలుగో తరగతి చదివే కూతురుందని చెప్పారు. చచ్చిపోయిన మనిషి ఇంకా ఇంట్లోనే ఉందని మాత్రం ఒక్కళ్లూ నోరు జారి కూడా అనలేదు. నాది చెడిన పెళ్లి. నాదెండ్ల పక్క స్పిన్నింగ్ మిల్లులో దూది దుమ్ము మింగుతూ గడిపినదాన్ని. కాస్త కుదురైన కొంప దొరికితే చాలనుకున్నాను. దొరికిన కొంపలో నాకంటే ముందే ఒకామె కుదురుకుని ఉంది.

ఆ సాయంత్రమే విన్నాను. దీపాలు పెట్టే వేళ మధ్య గదిలోంచి సన్నగా ఒక కూత తెగి, మళ్లీ మొదలై, మళ్లీ తెగుతోంది. ఉబ్బసం మనుషుల పిల్లికూతలు మిల్లులో నాకు కొత్త కాదు. కానీ అక్కడ మనిషి ఎదురుగా ఉండేది, కూత ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసేది. ఇక్కడ మూసిన తలుపు తప్ప ఏమీ లేదు. యమున ఉబ్బసంతోనే పోయిందట. అదే గదిలో, అవే కూతలు పెడుతూ.

మా ఆయన అది వింటూనే చొక్కా తగిలించుకుని రోడ్డు మీదికి పోయాడు. మా అత్త నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసి, ఆ పొగ గది తలుపు కింద నుంచి లోపలికి పోయేలా పట్టి, చూసుకుని పో తల్లీ అని గొణిగింది. కూత ఎక్కువైంది. చాలాసేపటికి తగ్గింది. ఆ తర్వాత తలుపు తీసుకుని భువన బయటికొచ్చి అన్నం పెట్టమంది. కళ్ల కింద నల్లటి చారలు, రెండు భుజాలూ చెవుల దగ్గరికి ఎత్తినట్టుండే బక్క పిల్ల. ఆ పిల్ల అంతసేపూ లోపల ఒక్కతే ఉందని అప్పుడు తెలిసింది నాకు. ఇదేం పనని అడిగితే, తల్లి కూతుర్ని చూసుకోను వస్తది, మనం అడ్డం పోగూడదు అంది మా అత్త.

ఇక ఆ ఇంట్లో నా బతుకు ఎలా ఉండేదంటే, ఏ పనికి చెయ్యి పెట్టినా అక్కడ ఇంకో చెయ్యి ఉన్నట్టే ఉండేది. వంటింట్లో డబ్బాలు ఆమె పెట్టిన వరసలోనే ఉన్నాయి. దండెం మీద ఆమె చీర ఒకటి ఎవరూ తీయలేదు, నేనూ తీయలేదు. మధ్య గదిలో మంచం మీద భువన ఒక అంచుకి ఒదిగి పడుకునేది. మిగతాది అమ్మకట. నాకు భయమే కాదు, అసూయ కూడా ఉండేది. చచ్చిపోయినామె మీద అసూయేమిటని మీరనుకోవచ్చు. మా ఆయన నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గది వైపు చెవి వేసేవాడు, అది మీకు జరిగితే తెలుస్తుంది.

శుక్రవారం సాంబ్రాణి వేశాక యమున తప్పకుండా వచ్చేది. మంచు పడే రోజుల్లో వచ్చేది. మిరపకాయ కల్లంలో ఎండి, టిక్కీలకెత్తి, ఆ సంచులన్నీ మధ్య గదిలో పేర్చాక రోజూ వచ్చేది. ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. కానీ భయం పట్టినవాళ్లకి కళ్లెదుట ఉన్నది కూడా కనపడదు.

ఒక మధ్యాహ్నం, బడికి సెలవు. చేట కోసం మధ్య గదిలోకి వెళ్లాను. గదిలో ఎవరూ లేరనుకున్నాను. టిక్కీల వెనక కూత మొదలైంది. పారిపోదామనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే. కానీ వెనక్కి తిరిగితే వీపు మీద ఏం పడుతుందోనన్న భయం ఇంకా పెద్దది. అందుకని ముందుకే వెళ్లాను. సంచుల మధ్య భువన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఒక టిక్కీ మూతి కుట్టు విప్పి, అందులో మొహం దూర్చి, మిరప దుమ్ము గట్టిగా పీలుస్తోంది. తల ఎత్తింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నోరు తెరిచి ఊపిరి లాగుతుంటే గొంతు కింద గుంట పడుతోంది. కూత ఆ పిల్ల ఛాతీలోంచి వస్తోంది. నన్ను చూసి నవ్వింది.

“మాట్లాడమాక పిన్నీ. అమ్మొచ్చింది. మాట్లాడితే పోద్ది.”

దయ్యాన్ని చూసినా నేను అంత వణికిపోయేదాన్ని కాదు. పిల్లను ఒళ్లోకి లాక్కుని ఛాతీకి చెవి ఆనించాను. లోపల ఆ పిల్ల ఊపిరి ఇరుకు సందులో నలిగి అరుస్తోంది. అమ్మ ఇక్కడ కూర్చుని పాడుతుందని ఛాతీ మీద చెయ్యి వేసి చూపించింది. తనంతట తాను రాకపోతే సంచిలో మొహం పెట్టి పిలుస్తుందట. అమ్మ పోయింది మిరపకాయల కాలంలోనే కాబట్టి మిరపకాయలకైతే తొందరగా వస్తుందట. ఇంటిల్లిపాదీ పిల్ల ఉబ్బసానికి సాంబ్రాణి వేసి, చూసుకుని పో తల్లీ అని దణ్ణం పెడుతున్నారు. పిల్లేమో ఆ ఊపిరాడనితనాన్ని తల్లి అనుకుని ఎదురెళ్లి తెచ్చుకుంటోంది.

మా ఆయనతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. లారీ దిగిన మనిషిని నీళ్లు కూడా తాగనివ్వకుండా పిల్లను తీసుకుని నరసరావుపేట బస్సెక్కించాను. అక్కడి డాక్టరమ్మ ఛాతీ విని, ఉబ్బసం అని చెప్పింది. రెండు రకాల పీల్చే మందులు రాసింది. ఒకటి బాగున్నా బాగలేకపోయినా పొద్దునా సాయంత్రం వాడేది. రెండోది ఆయాసం వచ్చినప్పుడు వాడేది. పిల్లలు నేరుగా పీల్చలేరని మాస్కున్న ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, మందు ఊపి, గొట్టంలోకి కొట్టి, నిదానంగా ఊపిరి లాగించడం చూపించింది. రోజూ వాడే మందు పీల్చాక నోరు పుక్కిలించాలంది. పొగ వద్దు, మిరప సంచులు పిల్ల పడుకునే గదిలో వద్దు అంది.

మేం లేచేటప్పుడు మళ్లీ పిలిచి ఒక మాట చెప్పింది. కూత వినపడుతున్నంతసేపు లోపలికి కాస్తో కూస్తో గాలి పోతున్నట్టు. పిల్ల డొక్కలెగరేస్తూ ఉండి, కూత ఉన్నట్టుండి ఆగిపోయిందంటే నయమైందనుకోవద్దు, గాలి పోవడమే ఆగిందని అర్థం, మందు కొడుతూనే ఆసుపత్రికి పరిగెత్తండి అంది. మా ఆయన తలూపాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు భువన కిటికీ వైపు తిరిగి, ఈ మందు దేనికి, నాకేం బాగోకుండా లేదు కదా అని అడిగింది.

మా అత్త ఆ గొట్టాన్ని చూసి మొహం తిప్పుకుంది. పీల్చే మందు అలవాటైతే బతుకంతా దాని మీదే బతకాలంది. యమునకి కూడా ఇలాంటిదే రాసిచ్చారట, ఆడమనిషికి అలవాటవుద్దని ఊళ్లోవాళ్లు అంటే మానేసిందట. అన్నం కూడా అలవాటే, మానేద్దామా అత్తా అన్నాను. ఆమె వారం రోజులు నాతో పలకలేదు. నేనూ పలకలేదు. టిక్కీలన్నీ పెరట్లో రేకుల షెడ్డులోకి మోయించాను. సాంబ్రాణి కావాలంటే తులసికోట దగ్గర వేసుకోమన్నాను.

భువనతో ఇంకా కష్టమైంది. మాస్కు మొహానికి పెట్టుకుని ఊపిరి బిగబట్టేది. గొట్టంలో చిన్న రేకు ఒకటి పిల్ల ఊపిరికి ఆడాలి. అది కదిలేది కాదు. అది కనిపెట్టాక నేను ఎదురుగా కూర్చుని ఆ రేకు ఆడేదాకా లేవనిచ్చేదాన్ని కాదు. పిల్ల ఏడ్చేది, రక్కేది, రాక్షసి అనేది. అన్నీ పడ్డాను. రానురాను పిల్ల భుజాలు కిందికి దిగాయి. బళ్లో పరుగు పందెంలో పేరిచ్చింది. మధ్య గదిలో కూత లేదు.

సంతోషించాల్సిన ఇల్లు దిగాలు పడిపోయింది. మా అత్త మధ్య గది గుమ్మంలో కూర్చుని చీకటిపడేదాకా చెవి వేసి ఉండేది. మా ఆయన కూత వినపడితే రోడ్డెక్కే మనిషి కదా, ఇప్పుడు వినపడక రోడ్డెక్కేవాడు. వీళ్లు ఇన్నాళ్లూ యమునకు భయపడుతున్నారనుకున్నాను. భయపడుతూనే ఆమెను ఉంచుకున్నారు. ఆమెను నేను వెళ్లగొట్టానని ఎవరూ అనలేదు గానీ, అందరి చూపుల్లోనూ అదే ఉంది. నాకు ఏడుపొచ్చేది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చేది.

మరుసటి ఏడు ఫాల్గుణంలో యమున తద్దినం వచ్చింది. మళ్లీ మిరపకాయల కాలం. మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. నేను పప్పుచారు వడ్డిస్తున్నాను. అప్పుడు మధ్య గదిలోంచి కూత వచ్చింది. ఇన్నాళ్ల తర్వాత, తద్దినం నాడు. విస్తళ్ల ముందు చేతులన్నీ ఆగిపోయాయి. యమున పుట్టింటామె ఒకావిడ కొంగు కళ్లకద్దుకుంది. నాకు సంచులు గుర్తొచ్చాయి. బకెట్టు అక్కడే పడేసి పరిగెత్తాను.

తర్వాత తెలిసింది. ఈ ఒక్క రోజన్నా అమ్మ రావాలని భువన షెడ్డులోకి పోయి టిక్కీ మూతి విప్పి మొహం పెట్టిందట. ఎంతసేపు పీల్చిందో ఏమో. మా అత్త చూసి, పిల్లకు దిష్టి తగిలిందనుకుని ఎత్తుకొచ్చి మధ్య గదిలో పడుకోబెట్టి, గాలి సోకకుండా తలుపు గడియ పెట్టి, కుంపట్లో ఎండు మిరపకాయలు వేసి దిష్టి తీసింది.

నేను వెళ్లేసరికి తలుపు సందుల్లోంచి మిరప ఘాటు వస్తోంది. వసారాలో ఉన్నవాళ్లందరూ దగ్గుతున్నారు. తలుపు తీయమని రెండు చేతులా బాదాను. లోపల కూత గొంతు చించుకుంటోంది. ఒక్కసారిగా ఆగిపోయింది.

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. పోయిందమ్మా అన్నారు ఎవరో. మా ఆయన రెండు చేతులూ జోడించాడు. గడియ తీసి మా అత్త బయటికొచ్చింది. మొహం నిండా చెమట, కొంగుతో ముక్కు మూసుకుంది, కానీ కళ్లలో ఎంత నెమ్మదో చెప్పలేను.

“పోయింది. ఇంత ఘాటుకి పిల్ల ఒక్క దగ్గు దగ్గలా, దిష్టంతా మిరపకాయలే లాక్కున్నయి. లేపమాకండి. యమునకీ ఆ రోజు ఇట్టాగే కూత ఆగంగానే నిద్రపట్టింది.”

యమున ఎట్లా పోయిందో అప్పుడు నాకు తెలిసింది. ఆమె దగ్గలేకపోయింది. కూయలేకపోయింది. నిద్రపోయిందని దుప్పటి కప్పి, తలుపు దగ్గరకు వేసి, వీళ్లంతా నెమ్మదిగా బయటికొచ్చారు. ఆ గదిలో ఉన్నది దయ్యం కాదు, యమున పోయిన ఆ మధ్యాహ్నం.

మా అత్తను పక్కకు నెట్టాను. కుంపటి తన్నాను. భువన పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. డొక్కలు లోపలికి పీక్కుపోయి మళ్లీ ఎగురుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. గూట్లో మందూ గొట్టం అందుకుని, పిల్లను ఎత్తుకుని వీధిలోకి, గాలిలోకి తెచ్చాను. పడుకోబెట్టండని అరుస్తున్నారు ఎవరో. పడుకోబెట్టలేదు. నా ఛాతీకి ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, ఆయాసం మందు ఊపి, మాస్కు మొహానికి అదిమి కొట్టాను. పీల్చు తల్లీ, పీల్చు. కాస్త ఆగి మళ్లీ కొట్టాను. మళ్లీ. పక్కింటి షాకిర్ భోజనం మధ్యలోంచి ఎంగిలి చేత్తోనే లేచి ఆటో తీశాడు. మా ఆయన ముందు ఎక్కాడు. మా అత్త ఎప్పుడెక్కిందో చూడలేదు, నా పక్కనే ఉంది.

వినుకొండ రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. నేను మందు కొడుతూనే ఉన్నాను. పిల్ల ఛాతీలోంచి చప్పుడు లేదు. అంత నిశ్శబ్దాన్ని నేను జన్మలో వినలేదు. పిల్ల తల నా భుజం మీద వేలాడుతోంది. ఏ దేవుడికి మొక్కాలో తెలియక యమునకే మొక్కాను. నీ బిడ్డను వదిలిపెట్టు అని కాదు. ఒక్క కూత వినిపించు అని.

వినుకొండ పొలిమేరలో వినపడింది. ముందు దారం అంత సన్నగా, తర్వాత కాస్త గట్టిగా. మా అత్త ఉలిక్కిపడి ముడుచుకుపోయింది.

“మళ్లొచ్చిందే, కోటేశ్వరీ.”

“రానీ అత్తా. అది యమున కాదు, పిల్ల ఊపిరి. ఆ కూత ఆగితేనే మనం భయపడాల.” నేను పెద్దగా ఏడుస్తూ చెప్పాను. మా అత్త నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, సూది వేశారు, మందు ఆవిరి పట్టారు. ఎండ వాలేసరికి పెదాలకు రంగొచ్చింది. కూత ఈసారి డాక్టర్లు ఆపారు. ఊపిరి నిండుగా పోతూ వస్తూ ఉంది, పిల్ల నిజంగానే నిద్రపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదన్నారు. మా ఆయన గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

మా అత్త నన్ను వరండాలోకి రమ్మంది. బెంచీ ఉన్నా నేల మీదే కూర్చుంది. కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఆ రోజు కూత ఆగినాక, నేను దుప్పటి కప్పినప్పుడు, యమున ఇంకా ఉందా?”

నాకు మాటకు మాట అప్పజెప్పడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఈ ముసలామెతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. తెలియదత్తా అంటే సరిపోయేది. ఆ అబద్ధం చెప్పేలోపే ఆమె నా మొహం చదివేసింది. మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె కుంపటి అంటించలేదు, యమున పేరెత్తలేదు. పిల్ల నిద్రపోతుంటే మాత్రం మంచం పక్కన కూర్చుని, ఛాతీ పైకీ కిందికీ ఆడడం చూస్తూ ఉంటుంది. లేచి పడుకో అత్తా అంటే వినదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున భువనను మంచం మీద కూర్చోబెట్టాను. ఎదురు గోడకు యమున ఫొటో. పిల్ల గొట్టాన్ని చేతిలో పట్టుకుంది గానీ మొహానికి పెట్టుకోలేదు. రక్కలేదు, ఏడవలేదు, రాక్షసి అనలేదు.

“ఇది పీలిస్తే అమ్మ ఇంక ఎప్పటికీ రాదు గదా పిన్నీ.”

వస్తుంది, కలలో వస్తుంది, పైనుంచి చూస్తుంది, ఇలాంటివన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఇంట్లో అందరూ కలిసి ఆ పిల్లకు చెప్పినవి చాలు.

“రాదమ్మా. ఇన్నాళ్లూ వచ్చింది కూడా అమ్మ కాదు. అమ్మకొచ్చిన జబ్బు. మీ అమ్మకి ఆ రోజు ఈ మందు అందినట్టయితే, ఇప్పుడు నీ ఎదురుగా కూకోని ఇది పట్టేది తనే. నేను మీ ఇంటి గడప తొక్కేదాన్నే గాదు.”

భువన నన్ను చూసింది. ఫొటో వైపు చూసింది. నేను ఆ ఇంటికి ఎందుకొచ్చానో, ఎవరి చోట కూర్చున్నానో మొదటిసారి అర్థమైనట్టు మళ్లీ నా వైపు చూసింది. తర్వాత తనంతట తనే మాస్కు మొహానికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, నిదానంగా, లోతుగా పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది. ఏ చప్పుడూ లేదు.

గుమ్మం బయట మా ఆయన నిలబడి వింటున్నాడు. వినడానికేమీ లేదని అర్థం కావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. అప్పుడు గడప మీద కూలబడి, యమునా అని పేరు పెట్టి, పాడె లేచిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చాడు. నాకు అసూయ కలగలేదు. నాకూ ఆమె కోసం ఏడవాలనే ఉంది. కానీ పిల్ల నోరు పుక్కిలించాలి. లేచి నీళ్లు తేవడానికి వెళ్లాను.